విశాఖ తీరంలో స్కూబా విహారం: సముద్రం, శరీరం, శిక్షణ – ఒక సమీక్ష

విశాఖపట్నం ఓడరేవుకు దక్షిణంగా, యారాడ కొండల వరసకు లోపలి వైపున ఉన్న మల్కాపురం, దానిని ఆనుకొని ఉన్న సింధియా, గాంధీగ్రామ్ ప్రాంతాలు ఎనభై ఏళ్లకు పైగా సముద్రం చుట్టూ అల్లుకున్న పనులతోనే జీవిస్తున్నాయి. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకానిర్మాణ కేంద్రమే నేటి హిందుస్థాన్ షిప్‌యార్డ్. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా జలప్రవేశం చేసిన ‘జల ఉష’ ఇక్కడ తయారైన ఓడే. అదే కేంద్రంలో రూపుదిద్దుకొని 2025 జూలై 18న నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ నిస్తార్, లోతునీటిలో పనిచేసే డైవర్లకు ఆధారంగా నిలిచే ఓడ. సముద్రగర్భపు ఒత్తిడికి సమానమైన ఒత్తిడి గల గదుల్లో డైవర్లను రోజుల తరబడి ఉంచి, 300 మీటర్ల లోతు వరకు పనికి దింపగల ఏర్పాట్లు అందులో ఉన్నాయి. నీటి అడుగున మనిషి ఎలా పనిచేయాలి, ఎలా క్షేమంగా పైకి రావాలి అన్న విద్య, ఈ విధంగా, మల్కాపురం పరిసరాలకు కొత్తది కాదు.

అయితే ఆ విద్య చాలాకాలం నౌకాదళానికీ, రేవుల్లో ఓడల అడుగుభాగాలను పరిశీలించే వృత్తి డైవర్లకూ పరిమితమై ఉండగా, ఇటీవలి కాలంలో అదే సముద్రంలోకి విహారం కోసం దిగేవారు పెరిగారు. రుషికొండ, మంగమారిపేట, భీమిలి తీరాల్లో స్కూబా డైవింగ్ నేర్పే సంస్థలు వెలిశాయి. హైదరాబాద్, విజయవాడ, రాయపూర్, భువనేశ్వర్ నుంచి వచ్చే యాత్రికుల జాబితాలో కైలాసగిరి, జలాంతర్గామి మ్యూజియంలతో పాటు ఈ మునక కూడా చేరింది. స్కూబా అంటే గాలిని సిలిండర్‌లో నింపి వీపున మోసుకుంటూ, పైనుంచి ఏ గొట్టంతోనూ సంబంధం లేకుండా నీటిలో తిరగడం. 1943లో ఫ్రాన్స్‌కు చెందిన జాక్ కూస్తో, ఎమిల్ గన్యాన్ రూపొందించిన పరికరంతో ఇది సామాన్యులకు అందుబాటులోకి వచ్చే దారి పడింది. ఈ తీరంలో అటువంటి విహారానికి ప్రణాళిక వేసుకునేవారు ఏయే విషయాలను ఏ క్రమంలో తూచుకోవాలన్నది ఈ సమీక్ష పరిశీలించే ప్రశ్న. ప్రకటనల్లో కనిపించే నీలిరంగు ఫొటోను బట్టి గాక, సముద్రపు కాలాన్నీ శరీరపు హద్దులనూ శిక్షణ నాణ్యతనూ బట్టి ప్రణాళిక వేసుకోవాలన్నది ఇందులో ప్రతిపాదించే అభిప్రాయం.

తీరం స్వభావం

ఆంధ్ర తీరంలో ఎక్కువ భాగం ఇసుక, బురద నేల. గోదావరి, కృష్ణా వంటి పెద్ద నదులు తెచ్చే ఒండ్రు వల్లా, మంచినీటి ప్రవాహం వల్లా పగడపు దిబ్బలు పెరగడానికి కావలసిన తేట, ఉప్పదనం ఇక్కడ ఏడాది పొడవునా నిలవవు. అందుకే భారతదేశంలో పెద్ద పగడపు దిబ్బలు మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులకు పరిమితమయ్యాయి. తూర్పు కనుమలు సముద్రం అంచు దాకా వచ్చే విశాఖ దగ్గర మాత్రం నేల తీరు మారుతుంది. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, రుషికొండలలో పైకి కనిపించే ఖోండలైట్ శిల నీటి అడుగున కూడా బండలుగా, గుట్టలుగా, అరలుగా కొనసాగుతుంది. ఆ బండలను పట్టుకొని స్పాంజీలు, మెత్తని పగడాలు, అక్కడక్కడ గట్టి పగడాలు, సముద్రపు ముళ్ల జీవులు పెరుగుతాయి; రాళ్ల సందుల్లో మోరే ఈల్ చేపలు, లయన్ ఫిష్, సీతాకోక చేపలు, గుంపులు గుంపులుగా తిరిగే చిన్న చేపలు కనిపిస్తాయి. కనుక ఈ తీరాన్ని ‘పగడాల తీరం’గా కాక ‘బండల తీరం’గా చూడడం న్యాయం; ఆ దృష్టితో దిగినవారికి నిరాశ ఉండదు.

దిగే చోట్లు, దిగకూడని చోట్లు

రుషికొండ దగ్గరి లోతు తక్కువ గల బండలు తొలిసారి దిగేవారికి అనుకూలమైనవి. 2020లో శుభ్రత, భద్రతల ప్రమాణాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన ఎనిమిది భారతీయ తీరాలలో రుషికొండ ఒకటి. ఒడ్డున సహజ శిలాతోరణం ఉన్న మంగమారిపేట దగ్గర నీటి అడుగున కూడా రాతి నిర్మాణాలు ఉన్నాయి. గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలి దగ్గర వర్షాల తరువాత నీరు ఎర్రబారి, మసకగా ఉంటుందన్నది గుర్తుంచుకోవలసిన సంగతి. విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం చింతపల్లి తీరంలో మునిగిన ఓడ శిథిలం డైవర్లను ఆకర్షిస్తున్నది. ఈ చోటుకు చరిత్ర ఉంది: పాత నౌకాయాన గ్రంథాల్లో సంతపిల్లిగా పేర్కొన్న ఇక్కడి రాళ్లు ఓడలకు గండంగా ఉండడంతో, భీమునిపట్నం (భీమిలి) వెళ్లే నావలను హెచ్చరించడానికి 1847లోనే దీపస్తంభం కట్టారు. ఒకప్పుడు నావికులు తప్పించుకు తిరిగిన ఆ రాళ్లే ఇప్పుడు చేపలకు ఆవాసమై, చూడదగిన చోటయ్యాయి. అయితే శిథిలాల్లో పదునైన ఇనుప అంచులు, చిక్కుపడిన వలలు ఉంటాయి కాబట్టి, వాటి లోపలికి చొరబడడం ప్రత్యేక శిక్షణ ఉన్నవారికే తగినది. విహారానికి వచ్చినవారు బయటినుంచి చూసి రావడమే క్షేమం.

దిగకూడని చోట్లను కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. రేవు కాలువ, లోపలి హార్బర్, నౌకాదళ స్థావరం పరిసర జలాలు నిషిద్ధ ప్రాంతాలు. ఓడల రాకపోకలు, భద్రతా కారణాలు అటుంచినా, మేఘాద్రిగెడ్డ మురుగు కలిసే ఆ నీరు డైవింగ్‌కు పనికిరాదు. మల్కాపురం నుంచి సింధియా మీదుగా కొండెక్కి దిగితే చేరే యారాడ తీరం చూడడానికి ఎంతో అందమైనదే గాని, అక్కడ ఒడ్డునే విరిగే అలలు బలమైనవి. దగ్గరలో ఉన్నదని శిక్షకులు లేకుండా అక్కడ నీటిలో దిగడం తగదు. 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ తీరానికి చేరువలో మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ గురించి యాత్రికులు తరచుగా అడుగుతుంటారు. అది దాదాపు 100 మీటర్ల లోతున ఉంది. విహార డైవింగ్ హద్దుకు అది ఎంతో దిగువ. పైగా అందులో తొంభై మందికి పైగా నావికులు ప్రాణాలు విడిచారు; భారత నౌకాదళం కూడా ఆ శిథిలాన్ని కదపకుండా గౌరవంగా వదిలివేసింది. అది విహార స్థలం కాదు.

ఋతువు, గాలి, నీటి తేట

బంగాళాఖాతంలో డైవింగ్ ప్రణాళికకు క్యాలెండరే మొదటి ఆధారం. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు నైరుతి ఋతుపవనాల గాలికి అలలు ఎత్తుగా లేచి, అడుగు ఇసుక రేగి నీరు మసకబారుతుంది. అక్టోబర్, నవంబర్ నెలల్లో గాలి కొంత తగ్గినా అది తుఫానుల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదనే తీరం దాటింది. అదే ఋతువులో తీరం వెంట ప్రవహించే నీరు ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతూ, గంగ, మహానది వంటి నదుల మంచినీటిని మోసుకొస్తుంది. డిసెంబర్ చివరికి ఆకాశం, సముద్రం కుదుటపడతాయి. ఫిబ్రవరి నుంచి ప్రవాహం దిశ మార్చుకొని దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది. వేసవి మొదట్లో నైరుతి గాలి పైనీటిని ఒడ్డునుంచి లోపలికి నెట్టగా, దాని స్థానంలోకి లోతునుంచి చల్లని, పోషకాలు నిండిన నీరు పైకి వస్తుంది. 1950లలో అమెరికా శాస్త్రవేత్త ఇ.సి. లాఫాండ్ వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చినప్పుడు, ఇక్కడి పరిశోధకులతో కలిసి అధ్యయనం చేసిన ముఖ్య విషయాల్లో ఈ ఉబుకు ఒకటి. అలా వచ్చిన పోషకాలతో సూక్ష్మజీవులు పెరిగి, చేపలకు మేత సమృద్ధి అయినా, నీరు కొన్ని రోజులు పచ్చబారి చూపు తగ్గుతుంది.

ఈ వివరాలన్నీ కలిపి చూస్తే జనవరి నుంచి మార్చి వరకు గల కాలం ఎక్కువ నమ్మదగినదిగా తేలుతుంది. అప్పుడు కూడా ఒక రోజుకూ మరో రోజుకూ పోలిక ఉండదు: మంచి రోజున పది మీటర్ల దూరం వరకు చూపు ఆనవచ్చు, చెడ్డ రోజున చేయి చాచినంత దూరమే కనిపించవచ్చు. కాబట్టి సెలవు పెట్టుకునేవారు ఒకే ఒక్క ఉదయాన్ని నమ్ముకోకుండా, సముద్రం అనుకూలించకపోతే మార్చుకోవడానికి వీలుగా మరో ఒకటి రెండు రోజులు చేతిలో ఉంచుకోవాలి. హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, అలల ఎత్తు, గాలి, ప్రవాహాలపై ప్రతిదినం ముందస్తు సూచనలు ఇస్తుంది; విశాఖలోని తుఫాను హెచ్చరికల కేంద్రం ప్రకటనలు కూడా అందరికీ అందుబాటులో ఉంటాయి. వీటిని చూసుకోవడం ఖర్చులేని జాగ్రత్త. సంస్థ ‘ఈ రోజు దిగడం లేదు’ అని చెబితే దాన్ని ఆ సంస్థ మంచితనానికి గుర్తుగా తీసుకోవాలి. డబ్బు కట్టామన్న పట్టుదలతో వాదించడం సరికాదు.

ఒత్తిడి, శరీరం

నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. పది మీటర్ల దగ్గర శరీరం మీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు, ఇరవై మీటర్ల దగ్గర మూడు రెట్లు. దీని ఫలితం మొట్టమొదట చెవుల్లో తెలుస్తుంది. ముక్కు మూసి మెల్లగా గాలి ఊది, కర్ణభేరికి రెండువైపులా ఒత్తిడిని సమం చేసుకుంటూ దిగాలి. జలుబు, సైనస్ ఉన్న రోజున ఇది సాధ్యం కాదు కనుక ఆ రోజు దిగకూడదు. రెండవ ఫలితం గాలి ఖర్చులో కనిపిస్తుంది. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో గాలి నింపారనుకుంటే, అందులో 50 బార్ అత్యవసరానికి మిగిల్చి వాడుకోదగినది 1800 లీటర్లు. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి పది మీటర్ల లోతున నిమిషానికి 40 లీటర్లు కావాలి కాబట్టి అది 45 నిమిషాలు వస్తుంది. ఇరవై మీటర్ల దగ్గర 60 లీటర్లు కావాలి కాబట్టి అరగంటకే అయిపోతుంది. కంగారుపడి ఆయాసపడే కొత్తవారికి ఈ లెక్క ఇంకా తగ్గుతుంది. ఒత్తిడి గడియారాన్ని తరచూ చూసుకొమ్మని శిక్షకులు ఊరికే చెప్పరు.

మూడవ ఫలితం అన్నిటికన్నా తీవ్రమైనది. ఊపిరి బిగబట్టి పైకి వస్తే, ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచించి కణజాలాన్ని చీల్చగలదు. అందుకే ఎప్పుడూ శ్వాస ఆపరాదన్నది స్కూబాలో మొదటి సూత్రం. ఒత్తిడిలో రక్తంలోనూ కణజాలంలోనూ కరిగిన నత్రజని, వేగంగా పైకి వచ్చినప్పుడు బుడగలై కీళ్లనూ నరాలనూ దెబ్బతీస్తుంది. దీనిని పీడన విముక్తి వ్యాధి అంటారు. దీని నివారణకు నెమ్మదిగా పైకి రావడం, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం అలవాటు చేస్తారు. వ్యాధి వచ్చినప్పుడు రోగిని తిరిగి ఒత్తిడికి గురిచేసి ఆక్సిజన్ ఇచ్చే ప్రత్యేక గదిలో చికిత్స చేయవలసి ఉంటుంది. అటువంటి గది ఎక్కడ ఉన్నదో, అక్కడికి ఎలా చేరుస్తారో ప్రయాణానికి ముందే సంస్థను అడిగి తెలుసుకోవడం ప్రణాళికలో భాగం.

ఉబ్బసం, గుండెజబ్బు, మూర్ఛ, చెవి శస్త్రచికిత్స వంటి చరిత్ర గలవారు వైద్యుల అనుమతి లేనిదే దిగరాదు. గర్భిణులు అసలే దిగరాదు. మల్కాపురం వంటి పారిశ్రామిక వాడకు ప్రత్యేకంగా వర్తించే మాట మరొకటి ఉంది. రిఫైనరీలోనో, షిప్‌యార్డ్‌లోనో, ఉక్కు కర్మాగారంలోనో రాత్రి షిఫ్టు దిగి, నిద్ర లేకుండా, టీ మాత్రమే తాగి తెల్లవారుజామున మిత్రులతో రుషికొండకు బయలుదేరడం మామూలుగా జరిగే పని. నిద్రలేమి, ఒంట్లో నీరు తగ్గడం, ముందు రాత్రి మద్యం – ఇవి ఒక్కొక్కటే ప్రమాదాన్ని పెంచగలవు. వారాంతపు సెలవును డైవింగ్‌కు కేటాయించేవారు ముందు రాత్రి పూర్తి నిద్రను కూడా ఆ సెలవులో లెక్కించుకోవాలి.

శిక్షణ, సంస్థ ఎంపిక

యాత్రికులకు అందుబాటులో ఉన్న మార్గాలు ప్రధానంగా రెండు. మొదటిది పరిచయ డైవ్: కొద్దిసేపు సూచనలు విని, లోతు తక్కువ నీటిలో అభ్యాసం చేసి, శిక్షకుడి చేతిలో చేయి వేసి, పన్నెండు మీటర్లకు మించకుండా ఒకసారి దిగి రావడం. దీనికి ఈత రానక్కరలేదని ప్రకటిస్తారు గాని, నీటి భయం లేకపోవడం మాత్రం అవసరం. రెండవది ఓపెన్ వాటర్ కోర్సు: మూడు నాలుగు రోజుల పాటు సిద్ధాంతం, కొలనులో అభ్యాసం, సముద్రంలో నాలుగు డైవ్‌లు ఉండి, 200 మీటర్ల ఈత, పది నిమిషాలు తేలి ఉండడం వంటి పరీక్షలతో ముగుస్తుంది. దీన్ని పూర్తిచేసినవారు మరో డైవర్ తోడుగా 18 మీటర్ల వరకు దిగడానికి అర్హులవుతారు. పాడి, ఎస్ఎస్ఐ వంటి డైవింగ్ శిక్షణ సంస్థల ధ్రువపత్రం ప్రపంచంలో ఎక్కడైనా చెల్లుతుంది. ఒకే పూటతో సరిపెట్టుకోవాలా, వారం సెలవు పెట్టి విద్య నేర్చుకోవాలా అన్నదే యాత్రికుడు తేల్చుకోవలసిన అసలు ప్రశ్న. నీటిలో మునిగి ఫొటో దిగడమే లక్ష్యమైతే మొదటిది చాలు. మళ్లీ మళ్లీ దిగాలన్న ఆసక్తి ఉన్నవారు రెండవదానికే డబ్బు పెట్టడం మేలు.

సంస్థను ఎంచుకోవడంలో ధర చివరి ప్రమాణం కావాలి. పర్యాటక శాఖ అనుమతి, శిక్షకుడి ధ్రువపత్రం ఇంకా చెల్లుతున్నదో లేదో, పడవ మీద ఆక్సిజన్ సిలిండర్, ప్రథమ చికిత్స పెట్టె, అదనపు లైఫ్ జాకెట్లు ఉన్నాయా, డైవర్లు కిందికి దిగినంతసేపూ పడవలో ఒకరు కాపలా ఉంటారా అన్నవి ముందు అడగాలి. పరిచయ డైవ్‌లో ఒక శిక్షకుడి దగ్గర నలుగురికి మించి ఉండరాదన్నది అంతర్జాతీయ నియమాలు చెప్పే హద్దు. చూపు తక్కువగా ఉండే విశాఖ నీటిలో ఒక శిక్షకుడికి ఒకరు లేదా ఇద్దరు మాత్రమే ఉండడం సబబు. వైద్య ప్రశ్నావళిని చదవనివ్వకుండా సంతకం పెట్టమనే సంస్థను వదిలివేయాలి. సంజ్ఞలు నేర్పడంలో చూపే ఓపిక కూడా సంస్థ తీరును పట్టిస్తుంది. ఒడ్డున అంతా బాగుందని చెప్పడానికి ఎత్తే బొటనవేలు నీటిలో ‘పైకి పోదాం’ అన్న అర్థమిస్తుంది. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలినీ చూపుడువేలినీ సున్నాలా కలపాలి. ఈ తేడాను యాత్రికుడి చేత నాలుగైదు సార్లు చేయించి చూసిన తరువాతే నీటిలోకి దింపే శిక్షకుడు నమ్మదగినవాడు.

యాత్రలో ముందువెనుకలు

విశాఖ యాత్రల్లో తరచుగా జరిగే పొరపాటు, ఉదయం సముద్రంలో దిగి, ఆ సాయంత్రమో మర్నాడు తెల్లవారుజామునో అరకు రైలు ఎక్కడం. ఎత్తుకు పోయేకొద్దీ వాతావరణ పీడనం తగ్గుతుంది కనుక, శరీరంలో మిగిలిన నత్రజని అక్కడ బుడగలు కట్టే అవకాశం ఉంది. ఒక్క డైవ్ తరువాత కనీసం 12 గంటలు, వరుస రోజుల్లో పలుమార్లు దిగితే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదని డైవర్ల భద్రతా సంస్థల సూచన. 600 మీటర్లకు మించిన ఎత్తుకు వెళ్లే రోడ్డు ప్రయాణానికి కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. ఆ రైలు మార్గంలోని సిమిలిగుడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. చలికాలంలో జనం పోటెత్తే లంబసింగి కూడా దాదాపు అంతే ఎత్తున ఉంటుంది. అందువల్ల అరకు, లంబసింగి ముందు చూసుకొని, సముద్రాన్ని తరువాతికి ఉంచుకొని, తిరుగు విమానానికి ముందు ఒక పూర్తి రోజును నగరంలోనే గడపడం సరైన క్రమం. ఆ చివరి రోజుకు జలాంతర్గామి కుర్సురా మ్యూజియం, విశాఖ మ్యూజియం ఎలాగూ ఉన్నాయి. మరో చిన్న హెచ్చరిక: లంబసింగి ఉన్నది అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, ఓడ శిథిలం ఉన్నది విజయనగరం జిల్లా చింతపల్లి తీరంలో; ఒకే పేరు గల ఈ రెండు ఊళ్లూ ఒకటి కొండల్లో, మరొకటి కడలి అంచున ఉన్నాయన్నది బండి మాట్లాడుకునేటప్పుడు మరువరాదు.

అండమాన్‌తో పోలిక

పగడాలు చూడాలన్న కోరిక బలంగా ఉన్నవారికి అండమాన్ సమాధానం. స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ చుట్టూ ఉన్న నీటిలో చూపు ఎక్కువ, పగడాల వైవిధ్యం ఎక్కువ. వేడెక్కిన నీటికి 2010లోనూ 2016లోనూ అక్కడి పగడాలు తెల్లబారి నష్టపోయినా, దేశంలో అంతటి దిబ్బలు అరుదు. శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన తెలుగువారు గణనీయంగా ఉన్నందున భాష ఇబ్బంది కూడా తక్కువ. ఖర్చు, ప్రయాణ సమయం ఎక్కువ కావడమే ఇబ్బంది. విశాఖ, అండమాన్‌లను పోటీగా కాక రెండు మెట్లుగా చూడడం ప్రయోజనకరం: ఇంటికి చేరువలో ఉన్న విశాఖలో, మసక నీటిలో, ప్రవాహంలో శిక్షణ పొందినవారికి అండమాన్ నీరు సులువుగా అనిపిస్తుంది, అక్కడికి వెళ్లాక కోర్సుకు రోజులు ఖర్చుచేయకుండా నేరుగా పగడాల దగ్గరికి దిగవచ్చు.

జీవజాలం, చట్టం, మత్స్యకారులు

గట్టి పగడాలు, సముద్ర దోసకాయలు, సముద్రపు గుర్రాలు, తిమింగల సొర వంటివన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. వాటిని తాకడం తప్పు, తీసుకురావడం నేరం. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. డైవింగ్‌కు మంచి కాలమూ అదే కాబట్టి పడవల వేగం తగ్గించడం, రాత్రిపూట తీరంలో దీపాల వెలుగు తగ్గించడం నిర్వాహకుల బాధ్యత. తేలుడును అదుపులో ఉంచుకోవడం నేర్వని డైవర్ కాళ్ల రెక్కలు ఒక్కసారి తగిలితే ఏళ్ల తరబడి పెరిగిన స్పాంజీలు రాలిపోతాయి. కనుక పర్యావరణ రక్షణ కూడా శిక్షణతోనే మొదలవుతుంది.

ఈ బండలు మొదట మత్స్యకారులవి. తరతరాలుగా జాలారి, వాడబలిజ కుటుంబాలు ఒడ్డున కనిపించే కొండల గుర్తులను కలిపి చూసుకుంటూ, వంజరం, చందువ దొరికే తావులను వెతికి పట్టాయి. వేట సాగే చోట డైవర్ల పడవ లంగరు వేస్తే వలలు చిక్కుపడతాయి, తగాదాలు వస్తాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు యాంత్రిక పడవల వేటపై నిషేధం ఉన్నప్పుడు రాబడి తగ్గే కుటుంబాలకు, ఆ ప్రాంతం ఎరిగిన పడవ నడిపేవారిగా, ఒడ్డున కాపలా కాసేవారిగా ఈ రంగంలో పని కల్పించగలిగితే అది న్యాయమూ, భద్రతకు బలమూ అవుతుంది. కొన్ని డైవింగ్ బృందాలు నీటి అడుగున తెగిపడిన వలలనూ ప్లాస్టిక్‌నూ వెలికితీస్తున్నాయి. యాత్రికులు అటువంటి పనికి ఒక డైవ్ కేటాయించడం మెచ్చదగినది.

నిర్ణయం

సమీక్ష సారాన్ని ఇలా చెప్పవచ్చు. విశాఖ తీరం పగడాల ప్రదర్శన కోరేవారికి రెండవ స్థానంలోనే నిలుస్తుంది. డైవింగ్ విద్య నేర్చుకోదలచిన తెలుగువారికి మాత్రం భాషలోనూ ఖర్చులోనూ చేరువలోనూ మొదటి స్థానంలో నిలుస్తుంది. జనవరి–మార్చి మధ్య కనీసం మూడు నాలుగు రోజులు, అరకు తరువాత సముద్రం, సముద్రం తరువాత ఒక రోజు విశ్రాంతి, నిజాయితీగా నింపిన వైద్య ప్రశ్నావళి, కాదని చెప్పగల ధైర్యం ఉన్న శిక్షకుడు – ఈ ఐదూ కుదిరితే ప్రణాళిక పూర్తయినట్టే. లోతునీటి డైవర్ల కోసం ఓడను నిర్మించిన నగరంలో, ఒడ్డున వరుసకట్టిన యాత్రికులకు కూడా అదే క్రమశిక్షణలో కొంత దక్కాలి. అనుమతి పొందిన సంస్థల జాబితాను, శిక్షకుల అర్హతలను, అత్యవసర చికిత్స దొరికే చోటును ప్రతి డైవింగ్ తీరంలో తెలుగులో బోర్డు మీద రాసి పెట్టడం పర్యాటక శాఖ వెంటనే చేయగల పని. అది జరిగే వరకు ఆ ప్రశ్నలన్నీ అడిగే బాధ్యతను యాత్రికులే తీసుకోవాలి.